స్పితి లోయలో కాలినడక, తిండి, ఆచారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పితి ఎక్కడ ఉంది? అది ఎలాంటి లోయ?

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లాలో, టిబెట్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఎత్తైన లోయ ఇది. స్పితి అనే మాటకు ‘నడిమి నేల’ అని అర్థం చెబుతారు. టిబెట్‌కూ భారతదేశానికీ మధ్యన ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. కుంజుమ్ కనుమ ప్రాంతంలో పుట్టిన స్పితి నది ఆగ్నేయంగా ప్రవహించి, కిన్నౌర్ జిల్లాలోని ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. లోయకు ముఖ్య పట్టణం కాజా. అది 3,600 మీటర్లకు పైన ఉంది.

పచ్చని దేవదారు అడవులను ఊహించుకుని వచ్చేవారు ఇక్కడ తడబడతారు. రుతుపవనాల మేఘాలను దక్షిణాన ఉన్న పర్వతశ్రేణులు అడ్డుకోవడం వల్ల స్పితి ఒక శీతల ఎడారిగా మిగిలింది. చెట్లు చాలా తక్కువ. గోధుమ రంగు, ఊదా రంగు, బూడిద రంగు కొండలు, వాటి పాదాల దగ్గర కాలువ నీరు అందినంత మేర మాత్రమే బఠాణీ, బార్లీ పొలాలు కనిపిస్తాయి. హిమాచల్‌లోని ఈ శీతల ఎడారి ప్రాంతాన్ని యునెస్కో 2025లో తన జీవావరణ రిజర్వుల జాబితాలో చేర్చింది.

ఏ నెలల్లో వెళ్లడం మంచిది?

నడక కోసం వెళ్లేవారికి జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు అనుకూలం. జూన్‌లో ఎత్తైన కనుమలపై మంచు ఇంకా మిగిలి ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో పొలాలు పచ్చగా ఉంటాయి. ఆ రోజుల్లో స్పితిలో వాన తక్కువే అయినా, అక్కడికి చేర్చే కిన్నౌర్ దారిలో కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి రోడ్డు మూసుకుపోవచ్చు. ఒక్క నెలనే ఎంచుకోమంటే సెప్టెంబరునే చెబుతాను: ఆకాశం తేటగా ఉంటుంది, వాగుల్లో నీరు తగ్గుతుంది, కోతలు సాగుతున్న ఊళ్లలో ఇంటి కప్పుల మీద గడ్డి, కట్టెలు, పిడకలు చలికాలం కోసం పేరుస్తుంటారు. రాత్రి చలి మాత్రం అప్పటికే గట్టిగా మొదలవుతుంది.

శీతకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కంటే దిగువకు పోతుంది. అప్పుడు కుళాయిల్లో నీరు గడ్డకడుతుంది. మంచు చిరుతను చూడాలన్న పట్టుదల ఉన్నవారు తప్ప, తొలిసారి వచ్చేవారు ఆ కాలాన్ని ఎంచుకోకపోవడమే మేలు.

సిమ్లా వైపు నుంచి వెళ్లాలా, మనాలి వైపు నుంచి వెళ్లాలా?

వెళ్లేటప్పుడు సిమ్లా వైపు, తిరిగి వచ్చేటప్పుడు మనాలి వైపు. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క నిర్ణయం మీదే మీ మొదటి నాలుగు రోజుల ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

మనాలి నుంచి కాజా దాదాపు 200 కిలోమీటర్లే. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమ కూడా తప్పింది. కాబట్టి ఒక్క రోజులో కాజా చేరవచ్చునన్న మాట నిజమే. అయితే 2,050 మీటర్ల ఎత్తున నిద్రలేచిన మనిషి, మధ్యలో 4,551 మీటర్ల కుంజుమ్ కనుమను దాటి, ఆ రాత్రికి 3,600 మీటర్ల పైన పడుకోవలసి వస్తుంది. ఇంత ఎత్తును ఒక్క పగటిలో సర్దుకోవడం చాలామంది శరీరాలకు చేతకాదు. పైగా గ్రంఫూ నుంచి బాతల్ వరకు ఉన్న దారి వాగులతో, బండరాళ్లతో నిండి ఉంటుంది. శీతకాలంలో మూతపడిన ఆ దారి జూన్ వరకు తెరుచుకోకపోవచ్చు.

సిమ్లా దారి దాదాపు 420 కిలోమీటర్లు. రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, సుమ్‌దో, తాబో మీదుగా సాగే ఈ దారిలో ఎత్తు మెట్లు మెట్లుగా పెరుగుతుంది: సిమ్లా 2,200 మీటర్లు, రెకాంగ్ పియో పక్కనున్న కల్పా దాదాపు 2,900, తాబో 3,280, ఆ తరువాతే కాజా. దారిలో అందమైన నాకోలో ఆగి పడుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ నాకో తాబో కంటే ఎత్తున ఉంది. అక్కడ చెరువు చూసి, భోజనం చేసి, రాత్రికి తాబోకు దిగిపోవడం తెలివైన పని. రెకాంగ్ పియో నుంచి కాజాకు ప్రభుత్వ బస్సు ఉంది. తెల్లవారకముందే బస్టాండుకు చేరి కిటికీ పక్క సీటు సంపాదించుకున్నవారికి ఆ రోజంతా సట్లెజ్, స్పితి లోయల దృశ్యం దక్కుతుంది.

ఎత్తు వల్ల వచ్చే జబ్బును ఎలా గుర్తించాలి? ఎలా తప్పించుకోవాలి?

కాజా ఎత్తులో పీల్చే ప్రతి శ్వాసలోనూ, సముద్ర మట్టం దగ్గర అందే ప్రాణవాయువులో దాదాపు మూడింట రెండు వంతులే అందుతుంది. కాజా కంటే ఎత్తున ఉన్న లాంగ్జా, కోమిక్ వంటి ఊళ్లలో అది ఇంకా తక్కువ. ఈ లోటుకు శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. వయసులో ఉన్నవారికీ, రోజూ వ్యాయామం చేసేవారికీ ఇందులో మినహాయింపు లేదు. పైగా ఒంట్లో బలముందన్న ధీమాతో మొదటి రోజే పరుగులు తీసేవారే త్వరగా పడకేస్తారు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన అలసట తొలి సూచనలు. వీటిలో తలనొప్పితో పాటు మరొకటి తోడైతే, అది వేరే కారణం వల్ల అని రుజువయ్యేవరకు ఎత్తు జబ్బే అనుకోవాలి, ఆ రోజు ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గులో నురగ పడటం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. తిన్నగా ఒక గీత మీద నడవలేక తూలడం, మాట తడబడటం, అయోమయం మెదడు వాపునకు గుర్తులు. ఈ రెండింటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి. సిలిండర్‌లోని ప్రాణవాయువు, మందులు కిందికి దించేలోగా కాస్త వ్యవధి ఇస్తాయంతే. దిగడమే అసలు వైద్యం.

తప్పించుకునే పద్ధతి మాత్రం సులువు. 3,000 మీటర్లు దాటాక ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తున పడుకోకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లినా రాత్రికి దిగి వస్తే ఫరవాలేదు. అందుకే కాజాలో రెండు రాత్రులు గడిపాకనే లాంగ్జాలో బస చేయమని చెబుతారు. నీరు తాగుతూ ఉండాలి, మొదటి రోజుల్లో మద్యానికీ నిద్రమాత్రలకూ దూరంగా ఉండాలి.

ముందుజాగ్రత్తగా మాత్రలు వేసుకోవచ్చా?

ఎసిటాజోలమైడ్ అనే మందును ఇందుకు వాడతారు. అయితే సల్ఫా మందులు పడనివారికి అది కూడా పడకపోవచ్చు, కాబట్టి ఇంటి దగ్గర ఉండగానే మీ వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు ప్రయాణం గురించే ముందుగా అడగడం అవసరం.

పర్మిట్లు కావాలా?

భారతీయులు స్పితిలోని ఊళ్లు చూడటానికి పర్మిట్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు దగ్గర ఉంటే చాలు. విదేశీయులు మాత్రం రెకాంగ్ పియోకూ తాబోకూ మధ్య ఉన్న సరిహద్దు ప్రాంతం గుండా వెళ్లడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి.

ట్రెక్కింగ్ అనుభవం లేనివారు నడవగలిగే దారులు ఏవి?

చాలానే ఉన్నాయి. నిజానికి స్పితిలో అన్నిటికంటే బాగుండే నడక ఒక ఊరి నుంచి పక్క ఊరికి వెళ్లే నడకే. ఇవి పర్యాటకుల కోసం వేసిన బాటలు కావు. బడికీ, పొలానికీ, మఠానికీ, పెళ్లికీ తరతరాలుగా నడిచిన దారులు. కారులో ఒక్క పూటలో లాంగ్జా, హిక్కిం, కోమిక్ మూడూ చుట్టి, మూడు చోట్లా ఫోటోలు దిగి వచ్చేవారు రోజూ కనిపిస్తారు. అదే మూడు ఊళ్ల మధ్య నడిచినవారికి దారిలో గొర్రెల మంద, ఎదురైన ముసలమ్మ పలకరింపు, మలుపు తిరగగానే కనిపించే చావ్ చావ్ కాంగ్ నిల్దా శిఖరం దక్కుతాయి.

మొదటి నడకకు ధన్‌కర్ చెరువు మంచిది. స్పితి, పిన్ నదుల సంగమానికి ఎగువన, కొండ అంచును పట్టుకుని వేలాడుతున్నట్టుండే ధన్‌కర్ ఒకప్పుడు స్పితికి రాజధాని. ఆ ఊరి నుంచి గంట సేపు ఎక్కితే దాదాపు 4,100 మీటర్ల ఎత్తున చెరువు వస్తుంది. రెండో నడకగా కీ మఠం నుంచి కిబ్బర్‌కు, మూడోదిగా లాంగ్జా నుంచి హిక్కిం మీదుగా కోమిక్‌కు వెళ్లవచ్చు.

కాళ్లూ ఊపిరీ కుదురుకున్నాక, లాంగ్జా, కోమిక్, డెముల్, లాలుంగ్, ధన్‌కర్ ఊళ్లను కలుపుతూ నాలుగైదు రోజులు నడిచే దారి ఉంది. ప్రతి రాత్రీ ఏదో ఒక ఊళ్లో, ఎవరో ఒకరి ఇంట్లో పడుకోవచ్చు కనుక గుడారం మోయనక్కర్లేదు. లోయ గురించి ఈ నడక నేర్పేది మరే ప్రయాణమూ నేర్పదని నా అభిప్రాయం. ఊళ్ల మధ్య దారి అక్కడక్కడ చీలిపోతుంది, గుర్తులుండవు. కాబట్టి ఒక స్థానికుణ్ణి తోడు తీసుకోవడం మంచిది.

కష్టమైన ట్రెక్కుల సంగతేమిటి?

కిన్నౌర్‌లోని కాఫ్నూ దగ్గర పచ్చిక బయళ్లలో మొదలై, 4,900 మీటర్ల పైన ఉన్న భాబా కనుమ దాటి పిన్ లోయలోని ముద్ గ్రామంలో ముగిసే పిన్-భాబా దారి వీటిలో అందమైనది. కనుమకు ఒక వైపు పచ్చదనం, మరో వైపు ఎడారి. 5,319 మీటర్ల పిన్-పార్వతి కనుమకు హిమానీనదం మీద నడిచిన అనుభవం, మంచి జట్టు కావాలి. కిబ్బర్ నుంచి ఎక్కే కనామో శిఖరానికి తాళ్లు అవసరం లేకపోయినా, అది 5,900 మీటర్ల పైమాటే. సులువని విని, ఎత్తుకు అలవాటు పడకుండా బయలుదేరి, సగంలో వెనుదిరిగేవారు తక్కువేమీ కాదు. ఈ మూడింటికీ గైడ్ లేకుండా వెళ్లవద్దు.

వాగులు దాటేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

ఉదయమే దాటాలి. రాత్రి చలికి హిమానీనదాలు కరగడం తగ్గి, తెల్లవారుజామున వాగులో నీరు తక్కువగా ఉంటుంది. ఎండ ఎక్కాక కరిగిన నీరు మధ్యాహ్నానికి కిందికి చేరి, పొద్దున మోకాలి దిగువన ఉన్న వాగు సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. చెప్పులో, పాత బూట్లో వేసుకుని దాటండి. ఉత్త పాదాలతో దిగితే చలికి మొద్దుబారిన పాదానికి రాయి ఆనవాలు తెలియదు.

స్పితి వాళ్లు ఏం తింటారు?

ఈ లోయ తిండికి మూలం బార్లీ. ఏడాదికి ఒక్క పంటే. మేలో విత్తి, ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తారు. ఆ గింజలను వేయించి విసిరిన పిండిని త్సంపా అంటారు. మన పేలపిండికి దగ్గరి చుట్టం. కాజాలో నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, వంటచెరకు కరువు. అలాంటి చోట ఒకసారి వేయించి పెట్టుకుంటే మళ్లీ పొయ్యి వెలిగించనక్కర్లేని ఆహారం ప్రధానం కావడంలో ఆశ్చర్యం లేదు. త్సంపాను వెన్న టీలో కలిపి ముద్ద చేసుకుంటారు, మజ్జిగలో కలుపుకుంటారు, జావ కాస్తారు. నడిచేవారికి అంతకు మించిన చద్దిమూట లేదు.

వెన్న టీ గురించి ఒక మాట. ఆకులను మరిగించిన డికాక్షన్‌లో వెన్న, ఉప్పు వేసి పొడవాటి చెక్క గొట్టంలో చిలికి చేస్తారు. తీపి టీని ఆశించి తాగినవారి ముఖం మొదటి గుక్కకే మారిపోతుంది. చలిలో నాలుగు గంటలు నడిచి వచ్చి తాగినవారు రెండో కప్పు అడుగుతారు. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ ఇంటివారు మళ్లీ నింపుతారు. చాలనుకుంటే కప్పును నిండుగా అలాగే ఉంచి, వెళ్లే ముందు తాగి లేవడం మర్యాద.

తుక్పా అంటే కూరగాయలో మాంసమో వేసి కాచిన నూడుల్స్ చారు. తింగ్మో ఆవిరి మీద ఉడికిన మెత్తని రొట్టె. మోమోలు అందరికీ తెలిసినవే. చుర్పీ అనేది మజ్జిగను కాచి, విరిగినదాన్ని ఎండబెట్టి చేసే గట్టి జున్ను. ముళ్ల పొదలకు కాసే నారింజ రంగు సీబక్‌థార్న్ పండ్లతో చేసిన పుల్లని రసం, టీ కాజాలో దొరుకుతాయి. జూలై, ఆగస్టు నెలల్లో వెళితే పచ్చి బఠాణీ కాయలు చేలోంచి కోసినవి రుచి చూడకుండా రావద్దు. లోయకు నగదు తెచ్చే పంట అదే. అయితే అడగకుండా పొలంలో చెయ్యి పెట్టకూడదు.

శాకాహారులకు ఇబ్బంది ఉంటుందా?

ఉండదు. అన్నం, పప్పు, రొట్టె, బంగాళదుంప, బఠాణీ కూర దాదాపు అన్ని ఇళ్లలోనూ దొరుకుతాయి. తుక్పా రసం మాంసంతో కాచినదా అని మాత్రం ముందే అడగండి.

ఛాంగ్ తాగమని ఇస్తే కాదనవచ్చా?

కాదనవచ్చు; నవ్వుతూ చెబితే ఎవరూ నొచ్చుకోరు. ఛాంగ్ బార్లీని పులియబెట్టి చేసే పానీయం, అరక్ దాన్ని బట్టీ పెట్టి తీసే ఘాటైన సారా. ఎత్తుకు అలవాటు పడని మొదటి రోజుల్లో రెండూ వద్దు.

హోమ్‌స్టేలో ఎలాంటి వసతి ఉంటుంది?

మందపాటి మట్టి గోడల ఇల్లు, చదునైన కప్పు, మధ్య గదిలో ఇనుప పొయ్యి, దాని చుట్టూ పరుపులు. ఇంటిల్లిపాదీ సాయంత్రం అక్కడే చేరుతుంది. మీరు గదిలో తలుపు వేసుకుని కూర్చోకుండా అక్కడికి వెళ్లి కూర్చోండి, తిండి గురించైనా ఆచారాల గురించైనా అక్కడ తెలిసేదే ఎక్కువ.

కొత్తవారు తికమకపడేది మరుగుదొడ్డి దగ్గర. సంప్రదాయ ఇళ్లలో అది నీళ్లు లేని దొడ్డి: పై అంతస్తు నేలలో ఒక రంధ్రం, కింద ఒక చీకటి గది. వాడిన తరువాత పక్కనే ఉన్న మట్టినో బూడిదనో పారతో వేయాలి. చలికాలం గడిచాక అదంతా పొలానికి ఎరువుగా పోతుంది. అందుకే అందులో బకెట్లతో నీళ్లు పోయకూడదు, ప్లాస్టిక్ వేయకూడదు. నీళ్లు తప్పనిసరి అనుకునేవారు ముందే అడిగి, మామూలు మరుగుదొడ్డి ఉన్న ఇంటిని ఎంచుకోవచ్చు.

మఠాలలో ఏవి చూడాలి? పాటించవలసిన పద్ధతులేమిటి?

ఒక్కటే చూసే సమయం ఉంటే తాబో చూడండి. క్రీ.శ. 996లో స్థాపించిన ఈ మఠంలో వెయ్యేళ్ల నుంచి పూజలు ఆగలేదు. బయటి నుంచి చూస్తే మట్టి దిబ్బల్లా కనిపించే మందిరాల లోపల గోడలంతా వర్ణచిత్రాలు, వాటి మీద వరుసగా అమర్చిన గచ్చు విగ్రహాలు ఉన్నాయి. లోపల దీపాలు ఉండవు, ఫోటోలు తీయనివ్వరు. టార్చి తీసుకెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చోండి. ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేవారికి అక్కడ ఏమీ కనిపించదు.

కీ మఠం శంఖాకారపు గుట్ట మీద గూళ్లు గూళ్లుగా పేర్చినట్టుంటుంది. కీ, తాబో, ధన్‌కర్ మఠాలు టిబెట్ బౌద్ధంలోని గెలుగ్ సంప్రదాయానివి. కోమిక్ మఠం శాక్య సంప్రదాయానిది. పిన్ లోయలోని కుంగ్రి మఠం ఞింగ్మా సంప్రదాయానిది. ఇంత చిన్న లోయలో మూడు సంప్రదాయాలు ఉన్నాయని గమనించి చూస్తే, అన్ని మఠాలూ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు రాదు.

స్తూపాలనూ, మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలనూ మన ప్రదక్షిణ లాగానే కుడి చేతి వైపు ఉంచుకుని దాటాలి. గోడ మీది రాయిని జ్ఞాపకంగా తెచ్చుకోవడం దొంగతనంతో సమానం.

స్థానికుల జీవితంలో ప్రత్యేకమైన ఆచారాలు ఏవి?

పొలం ముక్కలు కాకుండా ఉండేందుకు ఇక్కడ ఆస్తి పెద్ద కొడుక్కే వెళ్లేది. చిన్నవారిలో ఒకరు మఠంలో చేరేవారు. పెద్ద కొడుకు సంసారం ఖాంగ్‌చెన్ అనే పెద్ద ఇంట్లోకి వచ్చాక, తల్లిదండ్రులు ఖాంగ్‌చుంగ్ అనే చిన్న ఇంటికి మారేవారు. ఒక్క పంట, కొద్దిపాటి నీరు ఉన్న నేల ఎంతమందిని పోషించగలదన్న లెక్క ఆ ఆచారం వెనుక ఉంది. ఇప్పుడు చదువులు, ఉద్యోగాల వల్ల అది సడలుతోంది.

పిన్ లోయలో బుచెన్లు అనే గృహస్థ కళాకారులు ఉన్నారు. వీరు ధర్మకథలను నాటకంగా ఆడతారు. మనిషి పొట్ట మీద బండరాయిని ఉంచి పగలగొట్టే క్రతువు వీరి ప్రత్యేకత. ఆగస్టులో కాజాలో జరిగే లదర్చా సంత ఒకప్పుడు టిబెట్, లదాఖ్, రాంపూర్ వైపు పాత సంస్థానమైన బుషహర్ వర్తకులు కలిసే చోటు. 1962 యుద్ధంతో సరిహద్దు వర్తకం ఆగిపోయింది. ఇప్పుడది పాటలు, ఆటలు, అమ్మకాల పండుగ. ఎదురైన వారికి ‘జూలే’ అనండి. నమస్కారానికీ, ధన్యవాదానికీ ఆ ఒక్క మాట చాలు.

లాంగ్జాలో అమ్మే శిలాజాలు కొనవచ్చా?

వద్దు. ఈ కొండలు కోట్ల ఏళ్ల క్రితం టెథిస్ సముద్రపు అడుగు. అమ్మోనైట్లు అనే అంతరించిన సముద్ర జీవుల చుట్ట తిరిగిన అచ్చులు ఇక్కడి రాళ్లలో దొరకడానికి కారణం అదే. పిల్లలు చూపిస్తే చూడండి, ఉన్న చోటే వదిలి రండి.

డబ్బు, ఫోన్, పెట్రోల్?

మూడింటికీ కాజాయే ఆధారం. ఏటీఎం ఉన్నా నోట్లు అయిపోవచ్చు, కాబట్టి రెకాంగ్ పియోలోనో మనాలిలోనో సరిపడా నగదు తీసుకోండి. పై ఊళ్లలో ఫోన్ అందకపోవచ్చు. పెట్రోల్ బంకు కూడా కాజాలోనే ఉంది.

చంద్రతాల్ చెరువును చేర్చుకోవచ్చా?

మనాలి వైపు తిరిగి వెళ్లేటప్పుడు చేర్చుకోవచ్చు. 2005 నుంచి అది రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా గుర్తించిన నీటి నెలవు. ఒడ్డున గుడారం వేయనివ్వరు, కొన్ని కిలోమీటర్ల ఇవతల శిబిరాలుంటాయి. ఎత్తు 4,200 మీటర్ల పైన కనుక, ప్రయాణం మొదటి రాత్రే అక్కడ పడుకోవడం ప్రమాదకరం.

మొత్తం ఎన్ని రోజులు కేటాయించాలి?

సిమ్లా నుంచి మనాలి దాకా పన్నెండు రోజులు ఉంటే హాయిగా ఉంటుంది: ఎక్కడానికి నాలుగు, కాజాలో రెండు, ఊళ్ల మధ్య నడకకు నాలుగు, దిగడానికి ఒకటి, రోడ్డు మూసుకుపోతే చేతిలో ఒకటి. ఆ చివరి రోజును ఎవరూ లెక్కలో వేసుకోరు, తరువాత విమానం టిక్కెట్టు పోగొట్టుకుంటారు. వారం రోజులే ఉంటే పిన్ లోయనూ చంద్రతాల్‌నూ వదిలేసి, తాబో, ధన్‌కర్, కాజా, లాంగ్జా మాత్రం చూడండి.

హిక్కిం పోస్టాఫీసు నుంచి ఉత్తరం వేస్తే నిజంగా చేరుతుందా?

చేరుతుంది, కాకపోతే తీరిగ్గా. 1983 నుంచి నడుస్తున్న ఈ పోస్టాఫీసు దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి ఉత్తరాలు ముందు కాజాకు దిగి, అక్కడి నుంచి బస్సెక్కి లోయ బయటికి వెళతాయి. చాలాసార్లు ఉత్తరం కంటే రాసిన మనిషే ముందు ఇల్లు చేరతాడు. పిన్‌కోడ్ స్పష్టంగా రాయండి, పెన్ను మీరే తీసుకెళ్లండి.